ఆరు పాయింట్ రెండు అంటే ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే పని చుట్టూ తిరిగాయి. బేస్‌బాల్ పిచర్ల గణాంకాలు వెతికిచ్చే టూల్‌ను ఏఐ ఏజెంటు (టూల్స్‌ను తానే పిలిచి పని చేసే ప్రోగ్రాము) చేతికి ఇవ్వాలి. ఆ టూల్‌కు వివరణ ఎట్లా రాయాలి? పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడని తెలిస్తే చాలు, మిగతా ఆట సంగతులు జవాబుల్లోనే ఉన్నాయి.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టు కోసం పిచింగ్ గణాంకాలు తెచ్చే టూల్ రాసినం. ఒక పిచర్ రెండు మ్యాచుల్లో 5.2, 6.2 ఇన్నింగ్స్ వేసిండు. మొత్తం ఎంతని అడిగితే ఏజెంటు 11.4 అంటున్నది. కోడ్ ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకడం లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: తప్పు కోడ్‌లో లేదు, మీరు రాయకుండా వదిలేసిన వాక్యంలో ఉంది. ఇంట్లో పాత పహాణీ నకలు ఉంటే తీసి చూడండి. విస్తీర్ణం గడిలో 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. చుక్కకు కుడివైపున ఉన్నది దశాంశం కాదు, నలభై గుంటల్లో ఇరవై. 3.25కు 1.30 కలిపితే 4.55 అని మన దగ్గర ఏ రైతూ అనడు. ఐదెకరాల పదిహేను గుంటలని నోటిలెక్కలోనే చెప్తాడు.

బేస్‌బాల్ ఇన్నింగ్స్ కూడా ఇదే తీరు. మూడు ఔట్లు పడితే ఒక ఇన్నింగ్స్. 6.1 అంటే ఆరు ఇన్నింగ్స్ మీద ఒక ఔట్, 6.2 అంటే ఆరు మీద రెండు ఔట్లు, ఆ తర్వాత వచ్చేది 7.0. 6.3 అనే అంకె ఎక్కడా ఉండదు. మీ రెండు అంకెలనూ ఔట్లలోకి మార్చి చూడండి: 5.2 అంటే 17 ఔట్లు, 6.2 అంటే 20. కలిపితే 37, అంటే 12.1 ఇన్నింగ్స్. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే ఏజెంటు చుక్కను చూసి దశాంశం అనుకుంటుంది. దాని స్థానంలో బేస్‌బాల్ తెలియని మనిషి ఉన్నా అదే అనుకుంటాడు.

ఈ తప్పు పెద్ద అంకెల్లో దాక్కుంటుంది. 1968లో బాబ్ గిబ్సన్ 304.2 ఇన్నింగ్స్ వేసి 38 ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చాడు. ఎర్న్‌డ్ రన్స్ అంటే ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి తీసేయగా పిచర్ ఖాతాలో పడే పరుగులు. వాటిని తొమ్మిదితో హెచ్చించి ఇన్నింగ్స్‌తో భాగిస్తే ఈఆర్‌ఏ వస్తుంది. గిబ్సన్‌ది సరిగా కట్టినా 1.12, చుక్కను దశాంశంగా తీసుకుని కట్టినా 1.12. పరీక్షలో టూల్ పాసైపోతుంది. అదే ఒక పిచర్ 0.2 ఇన్నింగ్స్ వేసి ఒక్క ఎర్న్‌డ్ రన్ ఇచ్చాడనుకోండి. అసలు ఈఆర్‌ఏ 13.50. దశాంశం లెక్కన అది 45.00 అయి కూర్చుంటుంది.

మందు సులువైనది. టూల్ తిరిగిచ్చే జవాబులో ఇన్నింగ్స్‌ను చూపడానికి మాత్రమే ఒక పదంగా, అంటే స్ట్రింగ్‌గా, పెట్టండి. లెక్కల కోసం ‘ఔట్లు’ అని పూర్ణాంకంతో వేరే ఫీల్డ్ ఇవ్వండి. అందరికీ ఉచితంగా దొరికే లామన్ డేటాబేస్‌లో పిచింగ్ పట్టిక చేసిందీ ఇదే, అక్కడ నిలువ చేసేది ఇన్నింగ్స్ కాదు, ఔట్ల సంఖ్య. ఔట్లు చేతిలో ఉంటే ఈఆర్‌ఏ సూత్రం కూడా శుభ్రపడుతుంది: ఎర్న్‌డ్ రన్స్‌ను 27తో హెచ్చించి ఔట్లతో భాగించడమే. వివరణలో ఈ రెండు వాక్యాలు తప్పక ఉండాలి: ‘ఇన్నింగ్స్ ఫీల్డ్‌లో చుక్క తర్వాతి అంకె ఔట్ల సంఖ్య, దశాంశం కాదు. కూడిక, భాగహారాలకు ఔట్లు ఫీల్డ్ మాత్రమే వాడాలి.’

ప్రశ్న: సీజన్ మధ్యలో జట్టు మారిన పిచర్ల దగ్గర మా ఏజెంటు గెలుపులు రెండింతలు చెప్తున్నది. ఎందుకు?
– ఎంసీఏ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మీ టూల్ మూడు వరుసలు ఇస్తున్నట్టుంది: మొదటి జట్టు, రెండో జట్టు, మొత్తం. ఏజెంటు మూడింటినీ కూడుతోంది. సీసీ సబాతియా 2008 సీజన్‌తో పరీక్షించండి, ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపును, ఓటమిని ఒక్కో పిచర్ ఖాతాలో వేస్తారు. ఆ ఏడు క్లీవ్‌లాండ్ తరఫున 6 గెలుపులు, 8 ఓటములు, 122.1 ఇన్నింగ్స్, 52 ఎర్న్‌డ్ రన్స్, ఈఆర్‌ఏ 3.83. మిల్వాకీకి మారాక 11 గెలుపులు, 2 ఓటములు, 130.2 ఇన్నింగ్స్, 24 ఎర్న్‌డ్ రన్స్, ఈఆర్‌ఏ 1.65. మొత్తం 17 గెలుపులు, 10 ఓటములు, 253 ఇన్నింగ్స్, 2.70.

ఈ ఒక్క మనిషి దగ్గర ఏజెంటు మూడు రకాలుగా పడిపోతుంది. మొత్తం వరుసను కూడా కలిపితే 34 గెలుపులు, 506 ఇన్నింగ్స్. చుక్కను దశాంశం అనుకుంటే 252.3 ఇన్నింగ్స్. రెండు ఈఆర్‌ఏల సగటు తీస్తే 2.74. చివరిదే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే 2.70కి దగ్గరగా ఉండడంతో ఎవరికీ అనుమానం రాదు. సగటుల సగటు తీయకూడదు. ఔట్లు కలిపితే 367, 392 కలిసి 759. రన్స్ 76. 76ను 27తో హెచ్చించి 759తో భాగిస్తే 2.70.

మొత్తాన్నీ జట్లవారీ వివరాన్నీ ఒకే జాబితాలో ఎప్పుడూ కలపొద్దు. ‘మొత్తం’ ఒక ఫీల్డ్, ‘జట్లవారీగా’ ఇంకో ఫీల్డ్ చేయండి. రెండోది అడిగితేనే రావాలి. లామన్ పట్టిక వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: అందులో మొత్తం వరుసే ఉండదు, జట్టు మారిన ప్రతిసారీ స్టింట్ నంబరు (ఆ సీజన్‌లో అది ఎన్నో జట్టో చెప్పే అంకె) పెరుగుతుంది, అంతే. అక్కడ మొదటి వరుసతో ఆపేస్తే సబాతియా 6 గెలుపుల పిచర్‌గా మిగిలిపోతాడు.

ప్రశ్న: టూల్ వివరణ ఎంత పొడుగుండాలి? మేం ‘పిచర్ గణాంకాలు తెస్తుంది’ అని ఒక్క ముక్క రాసినం. నమూనా ఒకటి ఇస్తరా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సూర్యాపేట

జవాబు: ఆ ఒక్క ముక్కతో ఏజెంటుకు తెలిసేది టూల్ పేరు చూసినా తెలుస్తుంది. కొత్తగా పనిలో చేరిన మనిషైతే అర్థం కానప్పుడు లేచి వచ్చి అడుగుతాడు. ఏజెంటు ఎక్కువసార్లు అడగదు, ఊహించుకుని ముందుకు పోతుంది. అందుకే అది అడగాల్సిన ప్రశ్నలకు జవాబులన్నీ ముందే రాసిపెట్టాలి. మా నమూనా ఇది:

‘మేజర్ లీగ్‌లో ఒక పిచర్ ఒక సీజన్‌లో నమోదు చేసిన పిచింగ్ గణాంకాలు తెస్తుంది. బ్యాటింగ్, ఫీల్డింగ్ గణాంకాలకు దీన్ని వాడొద్దు. ప్లేయర్ ఐడీ తప్పనిసరి. దాన్ని జ్ఞాపకం నుంచి రాయొద్దు, ముందు పేరుతో వెతికే టూల్‌ను పిలిచి తెచ్చుకోవాలి. సీజన్ నాలుగంకెల సంవత్సరం. ఆటరకం రెండింట్లో ఒకటి: రెగ్యులర్ లేదా పోస్ట్‌సీజన్. ఇవ్వకపోతే రెగ్యులర్ అనుకుంటుంది, రెండూ కలిపి ఇవ్వదు. ఇన్నింగ్స్‌లో చుక్క తర్వాతిది ఔట్ల సంఖ్య. ఈఆర్‌ఏ, విప్ లెక్కగట్టే వస్తాయి, మళ్లీ కట్టొద్దు. ఆ సీజన్‌లో పిచింగ్ చేయకపోతే ‘రికార్డు లేదు’ అని వస్తుంది, దాన్ని సున్నాగా చెప్పొద్దు.’

మేజర్ లీగ్ అంటే అమెరికాలో బేస్‌బాల్ అగ్రస్థాయి లీగ్. ఈ నమూనాలో ప్రతి వాక్యం ఒక తప్పును ఆపడానికే ఉంది. ఆటరకం సంగతి తీసుకోండి. గిబ్సన్ 1968 రెగ్యులర్ సీజన్‌లో 268 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) తీశాడు, ఆ ఏటి వరల్డ్ సిరీస్‌లో, అంటే పోస్ట్‌సీజన్ ఫైనల్లో, ఇంకో 35. రికార్డు పుస్తకాల్లో సీజన్ లెక్కగా కనిపించేది 268 మాత్రమే. ఏది అడిగారో తెలియకుండా 303 చెప్తే అది ఏ పుస్తకంలోనూ ఉండని అంకె. ఇట్లాంటి ఎంపికలను ఖాళీ పెట్టెగా వదలకుండా స్కీమాలోనే (టూల్‌కు ఏ విలువలు పంపాలో చెప్పే నమూనా) ఎనమ్‌గా, అంటే ఇవే విలువలని జాబితా కట్టి, బిగించండి. అప్పుడు ‘ప్లేఆఫ్స్’, ‘పోస్ట్ సీజన్’, ‘ఫైనల్స్’ అని ఏజెంటు రకరకాలుగా రాసి పంపడం ఆగిపోతుంది.

‘విప్’ దగ్గర కూడా ఒక మాట చేర్చండి. అది వాక్స్ (నాలుగు చెడు బంతుల వల్ల బ్యాటర్‌కు ఉచితంగా దొరికే బేస్), హిట్స్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కలిపి ఇన్నింగ్స్‌తో భాగించిన అంకె. బంతి తగిలి బేస్‌కు వెళ్లినవాళ్లు ఇందులో లెక్కకు రారు. 2000 సీజన్‌లో పెడ్రో మార్టినెజ్ 217 ఇన్నింగ్స్‌లో 128 హిట్స్, 32 వాక్స్ ఇచ్చాడు, విప్ 0.737. ఈ అంకెను వివరణలోనే ఉదాహరణగా పెడితే సూత్రం చెప్పినట్టూ అవుతుంది, ఎన్ని స్థానాలకు చూపాలో తెలిసినట్టూ అవుతుంది.

ప్రశ్న: పేరుతో వెతికితే ఒక్కోసారి వేరే మనిషి లెక్కలు వస్తున్నయి. తెలుగులో పేరు రాస్తే ఏమీ రావడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: యాదగిరిగుట్ట నీడలో ఉన్న జిల్లాలవాళ్లం, బడిలో ‘యాదగిరీ’ అని పిలిస్తే ఎంతమంది లేచి నిలబడతారో మనకు తెలుసు. పేరుతో మనిషిని తేల్చలేం, సర్వే నంబరు లాంటిది ఒకటి కావాలి.

పైన చెప్పిన పెడ్రో మార్టినెజ్ కుడిచేతి పిచర్, 1992 నుంచి 2009 దాకా ఆడాడు. అదే పేరుతో ఇంకో పెడ్రో మార్టినెజ్ 1993 నుంచి 1997 దాకా ఆడాడు, ఆయనది ఎడమచేయి. అంటే 1995 సీజన్ అని చెప్పినా మనిషి తేలడు. 2020 అక్టోబర్ 16న ప్లేఆఫ్ మ్యాచ్‌లో డాడ్జర్స్ క్యాచర్ విల్ స్మిత్ హోమ్ రన్ కొట్టింది బ్రేవ్స్ పిచర్ విల్ స్మిత్ బంతికే.

పేరు ఒకరికంటే ఎక్కువమందికి సరిపోతే, టూల్ తనంతట తానే మొదటివారిని ఎంచుకోకూడదు. అందరినీ చిన్న జాబితాగా ఇవ్వాలి: ఐడీ, పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, ఏ చేతి పిచర్, మొదటి, చివరి సీజన్లు. ఏజెంటు సందర్భాన్ని బట్టి తేల్చుకుంటుంది, తేలకపోతే అడిగినవాళ్లనే అడుగుతుంది. అట్లా అడగమని వివరణలో రాసి ఉండాలి.

ఐడీలోనూ ఒక చిక్కుంది. ఒక్కో మూలానికి ఒక్కో ఐడీ పద్ధతి. పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే షోహెయ్ ఓతానీ ఐడీ మేజర్ లీగ్ వ్యవస్థలో 660271. బేస్‌బాల్ రెఫరెన్స్ వెబ్‌సైట్‌లో ఆయన ఐడీ అక్షరాలు, అంకెలు కలిసిన పదం. ఏ పద్ధతి ఐడీ కావాలో ఫీల్డ్ వివరణలో చెప్పి, ఒక ఉదాహరణ ఇవ్వండి. రెండు మూలాలు కలుపుతుంటే చాడ్విక్ రిజిస్టర్‌లో ఐడీల జత పట్టిక ఉచితంగా దొరుకుతుంది.

తెలుగు పేర్ల సంగతి: మూలం రోమన్ లిపిలో ఉంది కాబట్టి తెలుగు లిపిలో వెతికితే దొరకదు. ఓతానీ, ఒహ్తాని, ఓటానీ అని మనమే ఒక్కో తీరుగా రాస్తాం. ‘పేరు రోమన్ లిపిలోకి మార్చి పంపాలి’ అని ఒక్క వాక్యం రాస్తే ఏజెంటు ఆ పని చేసుకోగలదు. స్పానిష్ పేర్లలో అక్షరాల మీద వచ్చే గుర్తులను మాత్రం మీ కోడే తీసేసి పోల్చాలి, లేకపోతే గుర్తు ఉన్న పేరూ, గుర్తు లేని పేరూ రెండు వేరు పేర్లయిపోతాయి.

ప్రశ్న: ఓతానీ 2024 ఈఆర్‌ఏ ఎంత అంటే ఏజెంటు 0.00 అన్నది! అంత గొప్పగా వేసిండా?
– ఇంటర్ విద్యార్థి, వనపర్తి

జవాబు: ఆ సీజన్‌లో ఆయన అసలు పిచింగే చేయలేదు. 2023 సెప్టెంబర్‌లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది, 2024 అంతా బ్యాటింగ్ మాత్రమే. 2023లో 132 ఇన్నింగ్స్, 167 స్ట్రైకౌట్లు, 3.14 ఈఆర్‌ఏ ఉన్న మనిషికి మరుసటి ఏడు ఖాళీ రావాలి. ఆ ఖాళీని మీ టూల్ సున్నాగా మార్చింది. పంట వేయని పొలానికీ, వేసిన పంట పూర్తిగా పోయిన పొలానికీ ఎంత తేడా ఉందో, ఈ రెండిటికీ అంత తేడా.

లేకపోవడం నాలుగు రకాలు. నాలుగింటికీ నాలుగు వేరు జవాబులు ఉండాలి. ఒకటి, ఆ ఐడీతో మనిషే లేడు. రెండు, మనిషి ఉన్నాడు, ఆ సీజన్‌లో పిచింగ్ చేయలేదు. మూడు, పిచింగ్ చేశాడు, కానీ ఆ కొలత అప్పటికి పుట్టలేదు. బంతి ఎన్ని చుట్లు తిరిగిందో కొలిచే స్టాట్‌కాస్ట్ మేజర్ లీగ్ మైదానాలన్నిటికీ వచ్చింది 2015లో, కాబట్టి గిబ్సన్ 1968 స్పిన్ రేటు అడిగితే ‘ఈ కొలత 2015 నుంచే ఉంది’ అని టూల్ చెప్పాలి. సేవ్ (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచర్‌కు దక్కేది) కూడా 1969లోనే అధికారిక గణాంకం అయింది, అంతకు ముందువాటిని తర్వాత లెక్కగట్టారు.

నాలుగోది భాగహారం కుదరని సందర్భం. ఒక్క ఔట్ కూడా తీయకుండా రన్స్ ఇచ్చిన పిచర్ ఈఆర్‌ఏ అనంతం. 1971లో లారీ యౌంట్ పేరు మ్యాచ్ రికార్డులోకి ఎక్కింది, ఒక్క బంతి కూడా వేయకముందే గాయంతో వెళ్లిపోయాడు. మళ్లీ మేజర్ లీగ్‌లో వేయనేలేదు. ఆయన ఈఆర్‌ఏ సున్నా బై సున్నా. పైథాన్‌లో ఇట్లాంటి విలువను జేసన్‌గా (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపం) మారిస్తే ‘ఇన్ఫినిటీ’, ‘నాన్’ అనే పదాలు రాస్తుంది. జేసన్ నియమాల ప్రకారం అవి చెల్లవు, అవతల దాన్ని చదివే పార్సర్ గట్టిదైతే జవాబు మొత్తాన్నీ తిప్పికొడుతుంది. అక్కడ నల్, అంటే ఖాళీ, పెట్టి, పక్కన ‘కారణం’ ఫీల్డ్‌లో ఔట్లు సున్నా అని రాయండి.

తప్పు సందేశం చివర ఏం చేయాలో కూడా ఉండాలి. ‘ఎర్రర్ 404’ అంటే ఏజెంటు అదే పిలుపును మళ్లీ మళ్లీ చేస్తుంది. ‘ఈ పిచర్‌కు 2024 రికార్డు లేదు, ముందటి రికార్డు 2023’ అంటే రెండో అడుగు సరిగా వేస్తుంది.

ప్రశ్న: టూల్ వివరణ తెలుగులో రాయొచ్చా?
– ఉపాధ్యాయిని, నాగర్‌కర్నూల్

జవాబు: రాయొచ్చు, పని చేస్తుంది. కానీ ఎక్కువ మోడళ్లలో అదే విషయానికి తెలుగు రాత ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు (మోడల్ రాతను విడగొట్టుకునే ముక్కలు) తింటుంది, వివరణ ప్రతి సంభాషణలోనూ మోయాల్సిన బరువు. ఫీల్డ్ పేర్లు, వివరణ ఇంగ్లీషులో ఉంచి, అడిగేవాళ్లు తెలుగులో ఎట్లా అడుగుతారో రెండు మూడు ఉదాహరణలు తెలుగులో ఇవ్వడం మాకు నచ్చిన పద్ధతి. మనుషులు చదివే పత్రం మాత్రం తెలుగులోనే రాయండి. మీ విద్యార్థులకు అదే కావాలి.

ప్రశ్న: ‘నిన్నటి మ్యాచ్’ అంటే తప్పు తేదీ తీసుకుంటున్నది.
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అమెరికా తూర్పు తీరంలో వేసవి రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట మనకు మరుసటి రోజు తెల్లవారుజామున 4.30. మిర్యాలగూడలో బుధవారం పొద్దున చూసిన మ్యాచ్ రికార్డుల్లో మంగళవారంది. తేదీ ఫీల్డ్ దగ్గర ‘మ్యాచ్ జరిగిన ఊరి తేదీ, భారత తేదీ కాదు’ అని రాయండి. ‘నిన్న’, ‘ఈ ఏడాది’ లాంటి మాటలు తీసుకోకుండా స్కీమాలోనే ఆపండి.

జవాబులో కూడా తేదీ ఉండాలి. మార్కెట్ యార్డులో బత్తాయి ధర ఏ రోజుదో చెప్పకపోతే ఎట్లా పనికిరాదో, సీజన్ నడుస్తుండగా ఈఆర్‌ఏ కూడా అంతే. పిచర్ ఆడని రోజున కూడా అది మారవచ్చు: అధికారిక స్కోరర్ ముందు హిట్ అన్నదాన్ని తర్వాత ఫీల్డర్ తప్పిదంగా మారిస్తే ఎర్న్‌డ్ రన్స్ తగ్గవచ్చు. పాత రికార్డులూ కదులుతాయి. 2024 మే నెలలో నీగ్రో లీగ్స్ (ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లు వేరుగా ఆడిన లీగ్‌లు) గణాంకాలను మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపారు, దాంతో ఆల్‌టైమ్ జాబితాలు కొన్ని మారాయి. కాబట్టి డేటా ఏ మూలానిది, ఏ తేదీ నాటిది అన్న రెండు ఫీల్డులు ప్రతి జవాబుతోనూ పంపండి. పాత మ్యాచుల వివరాలు ఇచ్చే రెట్రోషీట్ డేటా వాడితే వాళ్లు అడిగే హక్కుల వాక్యం కూడా పెట్టాలి, అది వాళ్ల షరతు.

ప్రశ్న: చేత్తో నడిపితే టూల్ బాగా పనిచేస్తున్నది. ఎంసీపీ సర్వర్‌గా ఏజెంటుకు కలిపితే కనెక్షన్ తెగిపోతున్నది.
– విద్యార్థి, గద్వాల

జవాబు: ఎంసీపీ అంటే ఏజెంట్లకు టూల్స్‌ను కలిపే ఉమ్మడి పద్ధతి. కోడ్‌లో ప్రింట్ లైన్లు మిగిలి ఉంటాయి, వెతకండి. ఎస్‌టీడీఐఓ (స్టాండర్డ్ ఇన్‌పుట్, ఔట్‌పుట్) పద్ధతిలో సర్వర్, ఏజెంటు మాట్లాడుకునేది స్టాండర్డ్ ఔట్‌పుట్ మీదనే. మీరు డీబగ్ కోసం వేసిన ‘ఇక్కడిదాకా వచ్చింది’ అనే లైను కూడా అదే దారిలో పోయి జేసన్ సందేశాల మధ్య పడుతుంది. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు మళ్లించండి. మీరు వాడే లైబ్రరీలు ఏమైనా ప్రింట్ చేస్తున్నాయేమో కూడా చూడాలి.

ప్రశ్న: వివరణ బాగా రాసినమో లేదో ఎట్లా తెలుస్తది?
– ప్రాజెక్టు బృందం, జడ్చర్ల

జవాబు: జవాబులు ముందే తెలిసిన ప్రశ్నలు ఇరవై, ముప్పై రాసిపెట్టుకోండి. సగం మామూలువి, సగం చిక్కువి. చిక్కువాటిలో ఇవి ఉండాలి: సబాతియా 2008 మొత్తం ఈఆర్‌ఏ, పెడ్రో మార్టినెజ్ 1995, ఓతానీ 2024, గిబ్సన్ స్పిన్ రేటు, గిబ్సన్ 1968 స్ట్రైకౌట్లు. 60 మ్యాచులే జరిగిన 2020 సీజన్‌ను మామూలు 162 మ్యాచుల సీజన్‌తో పోల్చమని కూడా అడగండి.

చివరి జవాబు ఒక్కటే చూసి మార్కులు వేయకండి. ఏజెంటు ఏ టూల్‌ను పిలిచింది, ఏ విలువలు పంపింది అన్న లాగ్ చదవండి. ఓతానీ పేరున్నవాడు కాబట్టి ఆయన ఐడీ మోడల్‌కు జ్ఞాపకం ఉండి సరిపోవచ్చు. పేరు లేని పిచర్ దగ్గర అదే అలవాటుతో నమ్మశక్యంగా కనిపించే ఆరంకెలు కల్పించి పంపుతుంది. జవాబు సరైనదైనా వెతికే టూల్‌ను పిలవకుండా వచ్చిందంటే దాన్ని తప్పుగానే లెక్కించండి.

జవాబు పరిమాణం కూడా లాగ్‌లోనే కనబడుతుంది. నోలన్ రయాన్ 27 సీజన్లు ఆడాడు. ఒక్కో సీజన్‌కు నలభై ఫీల్డులు కుమ్మరిస్తే వెయ్యి దాటుతాయి, అడిగింది మాత్రం 1973లో ఎన్ని స్ట్రైకౌట్లని. జవాబు 383. మామూలుగా పది ఫీల్డులు చాలు, మిగతావి పేరు పెట్టి అడిగితే ఇవ్వండి.

ఒక ప్రశ్న తప్పినప్పుడు వెంటనే కోడ్ తెరవొద్దు. ముందు వివరణలో ఒక వాక్యం మార్చి, అదే ప్రశ్నను ఐదుసార్లు అడగండి, ఎందుకంటే ఏజెంటు ప్రతిసారీ ఒకే దారి పట్టదు. ఐదింటికి ఐదూ సరిపోతే ఆ వాక్యం ఉంచి, మొత్తం ముప్పై ప్రశ్నలూ మళ్లీ నడపండి. కొత్త వాక్యం పాత జవాబును చెడగొట్టడం తరచుగా జరుగుతుంది. ‘బ్యాటింగ్‌కు వాడొద్దు’ అని గట్టిగా రాస్తే, ఓతానీ బ్యాటింగ్ కూడా చేస్తాడు కాబట్టి ఆయన పిచింగ్ అడిగినా ఏజెంటు వెనకాడవచ్చు. అప్పుడు ‘రెండూ చేసే ఆటగాళ్ల పిచింగ్‌కు ఇదే టూల్’ అని పక్కనే చేర్చాలి.